గుడ్డబొమ్మలకు పౌరసత్వము: ‘గ్రెగ్ ద బన్నీ’ డి.వి.డి. పరిశీలన

బొమ్మలాట పసిపిల్లల వినోదమని మనలో చాలమంది తలంతురు. చరిత్ర ఈ అభిప్రాయమును బలపరచదు. మన తోలుబొమ్మలాటనే తీసికొందము. రామాయణ, భారత ఘట్టముల నడుమ జుట్టుపోలిగాడు, బంగారక్క, కేతిగాడు తెరమీదికి దూకి వచ్చెదరు. వారు మాటలాడునది పసివారికొరకు కాదు. ఆలుమగల తగవులు, పెద్దమనుషుల పిసినిగొట్టుతనము, పైకి చెప్పుకొనలేని కోరికలు వారి మాటలకు విషయములు. రావణుడు సీతను అపహరించు గంభీర ఘట్టము ముగిసిన మరుక్షణమున ఆ ముగ్గురి మోటుహాస్యముతో ప్రేక్షకులు పొట్ట చెక్కలగునట్లు నవ్వుదురు. ముందువరుసలో చాపలపై కూర్చున్న పిల్లలకు అందులో సగమే అర్థమగును. తక్కిన సగము వెనుక నిలుచున్న పెద్దలది.

ఇతర దేశములలోను ఇదే రీతి. 1662వ సంవత్సరము మే మాసమున లండను నగరములోని కోవెంట్ గార్డెన్ వద్ద ఇటలీ దేశపు బొమ్మలాటను చూచినట్లు శామ్యూల్ పెపీస్ తన దినచర్యలో వ్రాసికొన్నాడు. అప్పటికి ఆయన ప్రభుత్వోద్యోగములోనున్న పెద్దమనిషి. ఆ బొమ్మయే తరువాతి కాలమున ‘పంచ్’ అను పేర ఇంగ్లండులో స్థిరపడినది. భార్యను కొట్టి, రక్షకభటుని కొట్టి, తుదకు తలారిని సైతము మోసగించు ఆ బొమ్మను చూచి నవ్వినవారు పెద్దలే.

కారణమును ఊహించుట కష్టము కాదు. మనిషి పలికినచో శిక్షార్హమగు మాటను బొమ్మ పలికినచో నవ్వి ఊరుకొందుము. బొమ్మకు పరువు లేదు, కులము లేదు, ఊరు లేదు. కనుక అది ఎవరినైనను అనవచ్చును. అయితే ఆ బొమ్మకే ఒక కులము, ఒక జాతి, ఒక అవమానము కలిగినచో ఏమగును? ఈ ప్రశ్నను ఆధారముగా చేసికొని అమెరికాలో ఒక హాస్య ధారావాహిక నిర్మితమైనది. దాని పేరు ‘గ్రెగ్ ద బన్నీ’. 2002లో ప్రసారమై, కొద్ది మాసములకే ఆగిపోయి, 2004 అక్టోబరులో రెండు డిస్కుల సంపుటిగా గృహవీక్షణమునకు విడుదలైనది. ఆ సంపుటిని పరిశీలించుట ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

పూర్వరంగము

అమెరికాలో బొమ్మలనగానే ఎవరికైనను మొదట జ్ఞప్తికి వచ్చునది ‘సెసమీ స్ట్రీట్’. 1969 నవంబరులో ఆరంభమైన ఈ కార్యక్రమము అక్షరములు, అంకెలు నేర్పుచు కోట్లాది పిల్లలను పెంచినది. దీని బొమ్మలను సృష్టించిన జిమ్ హెన్సన్ మాత్రము తన కళ బాలల గదికే పరిమితము కావలెనని ఎన్నడును కోరలేదు. 1975లో ‘సాటర్‌డే నైట్ లైవ్’ అను పెద్దల హాస్య కార్యక్రమము మొదలైనప్పుడు అందులో ఆయన బొమ్మలు ఒక చిన్న భాగముగా పాల్గొన్నవి. ఆ ప్రయోగము మొదటి సంవత్సరముతోనే ముగిసినది.

ఇంగ్లండులో 1984 మొదలు 1996 వరకు ‘స్పిటింగ్ ఇమేజ్’ అను కార్యక్రమము రబ్బరు బొమ్మలతో ప్రధానమంత్రిని, రాజకుటుంబమును సైతము పరిహసించినది. న్యూజిలాండులో పీటర్ జాక్సన్ 1989లో ‘మీట్ ద ఫీబుల్స్’ అను చిత్రమును తీసి, నాటకశాల తెరవెనుక బొమ్మల దురలవాట్లను జుగుప్స కలుగునంతగా చూపినాడు. ఈ విధముగా పెద్దలకొరకు తీసిన బొమ్మల హాస్యములో రెండు మార్గములు ఏర్పడినవి. ఒకటి నిజమైన పెద్దమనుషులను బొమ్మలుగా మార్చి నవ్వించుట. రెండవది ముద్దు బొమ్మలచేత పాడుపనులు చేయించి నవ్వించుట. ‘గ్రెగ్ ద బన్నీ’ ఈ రెండవ మార్గములో బయలుదేరినను, మూడవ మార్గమునొకదానిని కనుగొన్నది. బొమ్మను సమాజములో ఒక అల్పసంఖ్యాక వర్గముగా నిలిపి చూచుటయే ఆ మార్గము.

జన్మవృత్తాంతము

డాన్ మిలానో, స్పెన్సర్ చినోయ్, షాన్ బేకర్ అను ముగ్గురు మిత్రులు ఈ బొమ్మకు తల్లిదండ్రులు. 1990ల చివర న్యూయార్కు నగరములోని మన్‌హటన్‌లో, సామాన్య పౌరులు తమ కార్యక్రమములను తామే ప్రసారము చేసికొనుటకు వీలుగల ఒక కేబుల్ ఛానల్ ఉండెడిది. అందులో వీరు ‘జంక్‌టేప్’ అను పేర చిన్నచిన్న హాస్య ఖండికలను ప్రసారము చేసినారు. ధనము లేదు, పెద్ద స్టూడియో లేదు. ఉన్నవి ఒక కుందేలు బొమ్మ, ఒక కెమెరా. ఆ కుందేలే గ్రెగ్.

ఆ ఖండికలు ఇండిపెండెంట్ ఫిలిం ఛానల్ వారి దృష్టిని ఆకర్షించినవి. ఆ ఛానల్‌లో గ్రెగ్ సినిమాలను పరిచయము చేయు వ్యాఖ్యాతగా, ప్రసిద్ధ చిత్రములను అనుకరించు విదూషకుడుగా కనిపించినాడు. అక్కడినుండి ఫాక్స్ వంటి మహా టెలివిజన్ సంస్థకు చేరుట ఒక పెద్ద గంతు. 2002 మార్చి 27న ఫాక్స్ తెరపై ధారావాహిక ఆరంభమైనది. స్టీవెన్ లెవిటన్ అను అనుభవశాలి నిర్మాణ బాధ్యతను వహించినాడు. సేత్ గ్రీన్, యూజీన్ లెవీ, సారా సిల్వర్‌మన్, బాబ్ గంటన్, డీనా వాటర్స్ మానవ పాత్రలను ధరించినారు. గ్రెగ్‌కును, వారెన్ అను కోతి బొమ్మకును మిలానోయే ప్రాణము పోసినాడు.

పదమూడు భాగములు చిత్రీకరింపబడినవి. వాటిలో పదునొకండు మాత్రమే ప్రసారమైనవి. ఆ సంవత్సరమే కార్యక్రమము నిలిచిపోయినది.

కథా సంగ్రహము

ఈ ధారావాహికలోని ప్రపంచమున బొమ్మలు మనుషులవలెనే జీవించును. వాటికి ఇండ్లు కలవు, జీతములు కలవు, బాధలు కలవు. లోపల దూరిన చేతిని గురించి ఎవరును మాటలాడరు. వీధిలో మనిషి, బొమ్మ పక్కపక్కన నడచిపోవుచుండగా ఎవరును ఆశ్చర్యపడరు. ఆశ్చర్యము లేకపోవుట సమానత్వమునకు గుర్తు కాదని మాత్రము కథ క్రమముగా మనకు తెలియజేయును.

గ్రెగ్ పని లేని యువకుడు. జిమ్మీ బెండర్ అను మిత్రునితో కలిసి ఒకే ఇంట కాపురముండును. జిమ్మీ తండ్రి గిల్ బెండర్ ‘స్వీట్‌నకిల్ జంక్షన్’ అను పిల్లల కార్యక్రమమునకు దర్శకుడు. అందులో ఏండ్ల తరబడి నాయకుడుగా నటించిన రాచెస్టర్ అను కుందేలు తాగుబోతై కొలువునుండి తొలగింపబడును. గ్రెగ్ ఏదో ఒక చిన్న ఉద్యోగము దొరకకపోవునా అని వచ్చి, అనుకోకుండ ఆ నాయక స్థానమును సంపాదించును. ఇక్కడినుండి కథ స్టూడియో గోడల మధ్యనే సాగును.

కెమెరా ముందు ఆ బొమ్మలు పిల్లలకు నీతులు చెప్పుచు, పాటలు పాడుచు, ప్రేమమూర్తులుగా వెలుగుచుండును. కెమెరా ఆగిన వెంటనే వాటి అసలు జీవితము బయటపడును. వారెన్ అను కోతి తాను గంభీర నాటకములకు పుట్టిన నటుడనని నమ్మినవాడు. పిల్లల కార్యక్రమములో మగ్గిపోవుచున్నానను కసితో మద్యము సేవించును. కౌంట్ బ్లా అను ముసలి రక్తపిశాచి ప్రతి వాక్యము చివర ‘బ్లా’ అనును. తన వేషమును మరియొక ప్రసిద్ధ కార్యక్రమమువారు దొంగిలించినారని వాని ఫిర్యాదు. ‘సెసమీ స్ట్రీట్’లో అంకెలు లెక్కించు కౌంట్‌ను ఎరిగినవారు ఈ చమత్కారమును వెంటనే గ్రహింతురు. సూసన్ రూపమున రాక్షసి, మనసున సుకుమారి. టార్డీ అను తాబేలు మందబుద్ధి. బొమ్మలతో కలిసి నటించు జంక్షన్ జాక్ అను మనిషికి బొమ్మలనిన గిట్టదు. పిల్లల ముందు వాటిని కౌగిలించుకొనును. తెరవెనుక వాటిని చూచి మొగము చిట్లించును. టెలివిజన్ సంస్థ పక్షమున ఆలిసన్ కైజర్ అను అధికారిణి వీరందరిపై పెత్తనము చేయుచుండును.

‘మేజోడు’ అను తిట్టు

ఈ ధారావాహికలో మేము మిక్కిలి విలువైనదిగా భావించు అంశము ఒక్క మాటలో ఉన్నది. బొమ్మలను కించపరచదలచినవారు వాటిని ‘సాక్’ అందురు. సాక్ అనగా మేజోడు, కాలికి తొడుగుకొను గుడ్డ. మేజోటిలో చేయి దూర్చి బొమ్మగా ఆడించుట పిల్లలందరు ఎరిగిన ఆట. పుట్టుకను, స్థానమును, అల్పత్వమును ఆ ఒక్క అక్షరముల జంట సూచించును. ఒక వర్గమును అవమానించుటకు పుట్టిన ప్రతి తిట్టు ఇట్లే పనిచేయును. అది మనిషిని అతని పనికో, తిండికో, బట్టకో, శరీరములోని ఒక భాగమునకో కుదించి, అంతకుమించి వానియందు ఏమియు లేదని చాటును.

దీనికి ప్రతిగా మర్యాదస్థులు వాడు పదము మరియొకటి కలదు. అది ‘ఫాబ్రికేటెడ్ అమెరికన్’. ఆఫ్రికన్ అమెరికన్ అను గౌరవ పదమును అనుకరించి చేసిన మాట ఇది. ఫాబ్రిక్ అనగా వస్త్రము. ఫాబ్రికేటెడ్ అనగా తయారు చేయబడినది, కల్పించబడినది అని కూడ అర్థము. గౌరవముగా పిలుచుటకు ఎంచుకొన్న పదములోనే ‘నీవు నిజమైనవాడవు కావు’ అను ధ్వని దాగియున్నది. తిట్టినను, మన్నించినను పేరు పెట్టు అధికారము ఎదుటివారిదే అను సత్యమును ఇంత క్లుప్తముగా చెప్పిన హాస్యము అరుదు.

రెండవ అంశము వృత్తికి సంబంధించినది. వారెన్ నవ్వు పుట్టించు పాత్ర. గర్విష్ఠి, తాగుబోతు, అసూయాపరుడు. కాని అతని ఫిర్యాదులో నిజము లేకపోలేదు. బొమ్మగా పుట్టినవానికి సమాజము ఒకే పని కేటాయించినది. అది పిల్లలను నవ్వించుట. అతనికి ప్రతిభ ఉన్నదా లేదా అను ప్రశ్న ఎవరును అడుగరు, ఎందుకనగా సమాధానముతో ఎవరికిని పనిలేదు. ప్రతిభ లేనివానికి కూడ తన ప్రతిభాహీనతను తానే నిరూపించుకొను అవకాశము ఉండవలెను. ఆ అవకాశము లేనప్పుడు వాని గర్వము సైతము ఒక రకమైన ఆత్మరక్షణయే అగును.

మూడవది గ్రెగ్ స్వభావము. గ్రెగ్ అమాయకుడు, అందరికిని నచ్చువాడు, ఎవరి మాటనైనను నమ్మువాడు. మనుషులు అతనిని ఇష్టపడుదురు. ఆ ఇష్టములోనే ఒక చిక్కు కలదు. వారెన్ వంటివాడు గౌరవమును అడిగి తీసికొనజూచును, కనుక చేదుగా ఉండును. గ్రెగ్ ఏదియు అడుగడు, కనుక తియ్యగా ఉండును. ‘మంచి బొమ్మ’ అనగా మనకు ఇబ్బంది కలిగించని బొమ్మ అని స్టూడియోలోని మనుషుల లెక్క. ఏ దేశమునందైనను తక్కువ సంఖ్యలోనున్న వర్గమువారికి ఈ ‘మంచివాడు’ అను బిరుదు యొక్క రుచి తెలియును. అది మెచ్చుకోలు, షరతు రెండును.

ఒక భాగమునకు ‘సాక్ లైక్ మీ’ అని పేరు పెట్టినారు. జాన్ హవర్డ్ గ్రిఫిన్ 1961లో ప్రచురించిన ‘బ్లాక్ లైక్ మీ’ అను గ్రంథ నామమునకు ఇది అనుకరణ. గ్రిఫిన్ తెల్లజాతివాడైయుండి, 1959లో తన చర్మమును నల్లబరచుకొని అమెరికా దక్షిణ రాష్ట్రములలో సంచరించి, నల్లవారు అనుభవించు అవమానములను స్వయముగా చవిచూచి వ్రాసిన గ్రంథమది. గుడ్డబొమ్మల హాస్యమునకు అట్టి పేరు పెట్టుటనుబట్టి రచయితల చూపు ఎటువైపున్నదో తెలియుచున్నది.

డిస్కులలో ఏమున్నది?

టెలివిజన్‌లో వచ్చిన కార్యక్రమము గాలిలో కలిసిపోవు మాట వంటిది. ఒక రాత్రి చూచినవారు చూచినట్లు, చూడనివారు చూడనట్లు. డి.వి.డి. ఆ మాటను గ్రంథముగా మార్చును. 1997లో అమెరికా విపణిలో ప్రవేశించిన ఈ డిస్కులు, ఆగిపోయిన ధారావాహికలకు రెండవ జన్మ నొసగినవి. కనుక ఒక గృహవీక్షణ సంపుటిని పరిశీలించునప్పుడు, గ్రంథమును సమీక్షించునట్లే, మూడు ప్రశ్నలు అడుగవలెను. పాఠము సంపూర్ణమా? ముద్రణ స్వచ్ఛమా? పీఠిక, వ్యాఖ్యానము ఉపయోగకరమా?

మొదటి ప్రశ్నకు ఈ సంపుటి తృప్తికరమైన సమాధానమునే ఇచ్చుచున్నది. చిత్రీకరించిన పదమూడు భాగములును ఇందున్నవి. ప్రసారమునకు నోచుకొనని రెండు భాగములను ప్రేక్షకులు మొదటిసారిగా దీని ద్వారానే చూడగలిగినారు. ఇది చిన్న విషయము కాదు. ఒక రచనను మధ్యలో ఆపినవారి తీర్పు సరియైనదా కాదా అని నిర్ణయించుటకు, రచన మొత్తము మన యెదుట ఉండవలెను.

రెండవ ప్రశ్న విషయమై గుర్తుంచుకొనదగినది ఒకటి. ఈ కార్యక్రమము ఆనాటి టెలివిజన్ పెట్టెల కొలతకు, అనగా నాలుగింటికి మూడు నిష్పత్తిలోనున్న తెరకు సరిపడునట్లు తీసినది. నేటి వెడల్పైన తెరలపై ఇరుప్రక్కల నల్లని ఖాళీ కనిపించును. దానిని పూడ్చుటకై చిత్రమును సాగదీసినచో గ్రెగ్ బొద్దుకుందేలగును. ఉన్నది ఉన్నట్లు చూచుటయే మేలు.

మూడవది వ్యాఖ్యానము. నటులు, రచయితలు భాగములను చూచుచు మాటలాడిన ధ్వనిముద్రణలు ఇందు చేర్చబడినవి. మన పూర్వగ్రంథములకు వ్యాఖ్యాతలు వ్రాసిన టీకల వంటివివి; అయితే ఇక్కడ కవియే స్వయముగా టీక చెప్పును. పాత చిన్న ఖండికలలో కొన్ని కూడ సంపుటిలో లభించుచున్నవి. ఒకదాని తరువాత ఒకటి చూచినచో, ధనము లేని రోజులలో ఆ బొమ్మకున్న స్వేచ్ఛ, ధనము వచ్చిన తరువాత ఎంత తగ్గినదో స్పష్టమగును. ఈ పోలికకు అవకాశమిచ్చుట సంపుటి చేసిన గొప్ప మేలని మా అభిప్రాయము.

ఒక ఆచరణాత్మక ఇబ్బందిని కూడ పేర్కొనవలెను. డి.వి.డి.లకు ప్రాంతములవారీగా సంకేత సంఖ్యలు కలవు. అమెరికా మొదటి ప్రాంతము. భారతదేశము ఐదవ ప్రాంతము. కనుక అమెరికాలో కొన్న డిస్కు మన దేశపు సాధారణ యంత్రములో ఆడదు. అన్ని ప్రాంతముల డిస్కులను ఆడించు యంత్రము కావలెను. అక్కడి బంధువులచేత తెప్పించుకొనదలచినవారు ఇది ముందుగా తెలిసికొనుట మంచిది.

లోపములు

మెచ్చుకొన్నంత మాత్రమున లోపములను దాచుట సమీక్షకుని ధర్మము కాదు. మాకు కనిపించినవి మూడు.

మొదటిది, బొమ్మలకు చరిత్ర లేకపోవుట. నిజ జీవితములో అల్పసంఖ్యాక వర్గమనగా కేవలము అవమానింపబడువారి గుంపు కాదు. వారికొక భాష ఉండును, వంట ఉండును, పాట ఉండును, తాతముత్తాతల జ్ఞాపకములుండును. అవమానము వారి జీవితములో ఒక భాగమే కాని, మొత్తము జీవితము కాదు. ఈ ధారావాహికలో బొమ్మలు ఎక్కడినుండి వచ్చినవో, ఏమి కోల్పోయినవో, తమలో తాము ఉన్నప్పుడు దేనిని ప్రేమించునో తగినంతగా తెలియదు. వాటి గుర్తింపు ఎదుటివారి తిట్టుపైననే నిలిచియున్నది. తిట్టును తీసివేసినచో వాటికి వర్గమనునదే మిగులదు.

రెండవది, జాతివివక్షను గూర్చి ఇంతగా మాటలాడు ఈ కార్యక్రమములో ప్రధాన మానవ పాత్రధారులందరును తెల్లవారే. నిజమైన అల్పసంఖ్యాకుల స్థానమును గుడ్డబొమ్మలు ఆక్రమించినవి. ఉపమానము కొరకు ఉపమేయమును వేదికనుండి దింపివేసినట్లు అయినది. అలంకారశాస్త్రము చదివిన విద్యార్థులకు ఈ దోషము వెంటనే స్ఫురించును.

మూడవది టార్డీ విషయము. తాబేలు నెమ్మదితనమును మందబుద్ధిగా మార్చి, దానిపై హాస్యము నడిపినారు. వారెన్‌ను చూచి నవ్వునప్పుడు వాని గర్వమును చూచి నవ్వుదుము. జాక్‌ను చూచి నవ్వునప్పుడు వాని ద్వేషమును చూచి నవ్వుదుము. టార్డీని చూచి నవ్వునప్పుడు దేనిని చూచి నవ్వుచున్నాము? వాని అశక్తతనే. ఒక వర్గమునకు న్యాయము కోరు రచన మరియొక బలహీనుని మెట్టుగా చేసికొనుట విచారకరము.

ఇంకొక మాట. ఇది పెద్దలకు ఉద్దేశింపబడినది. మద్యపానము, స్త్రీపురుష సంబంధములు, మోటుమాటలు ఇందు లేకపోలేదు. ముఖచిత్రముపై ముద్దులొలుకు కుందేలును చూచి పసిపిల్లలకు ఆడించుట తగదు.

తరువాతి కథ

ఫాక్స్ విడిచిన తరువాత గ్రెగ్ నశింపలేదు. 2005లో ఇండిపెండెంట్ ఫిలిం ఛానల్‌కు తిరిగి వచ్చి, చిత్రములను అనుకరించు తన పాత వృత్తిని సాగించినాడు. 2010లో వారెన్ ప్రధానపాత్రగా ఎం.టి.వి.లో ఒక ధారావాహిక వచ్చి, అదియు ఒక సంవత్సరముతోనే ముగిసినది.

ఈ సంపుటి విడుదలైన 2004లోనే ‘అవెన్యూ క్యూ’ అను బొమ్మల సంగీత నాటకము ఉత్తమ సంగీత నాటకముగా టోనీ పురస్కారమును పొందినది. మనిషిమనిషిలోను దాగియున్న జాతిదురభిమానమును గూర్చి అందులో బొమ్మలు, మనుషులు కలిసి ఒక పాట పాడుదురు. టెలివిజన్‌లో నిలువలేని విషయము నాటకరంగమున జయించినది. 2018లో జిమ్ హెన్సన్ కుమారుడు బ్రయన్ హెన్సన్ ‘ద హ్యాపీటైమ్ మర్డర్స్’ అను చిత్రమును తీసినాడు. అందులోను బొమ్మలు రెండవ తరగతి పౌరులే. అయితే అది విమర్శకుల మెప్పు పొందలేదు. బొమ్మలచేత బూతులు పలికించినంత మాత్రమున హాస్యము పుట్టదని దానివలన మరియొకసారి ఋజువైనది.

ముగ్గురు సృష్టికర్తలలో ఒకడైన షాన్ బేకర్ చలనచిత్ర దర్శకుడైనాడు. సమాజపు అంచులలో బ్రతుకువారే అతని చిత్రములకు నాయకులు, నాయికలు. అతని ‘అనోరా’ 2024లో కాన్ ఉత్సవమున అత్యున్నత బహుమతిని పొందినది. 2025 మార్చిలో అదే చిత్రమునకు నిర్మాత, దర్శకుడు, రచయిత, కూర్పరి అను నాలుగు హోదాలలో అతడు నాలుగు ఆస్కార్ పురస్కారములను స్వీకరించినాడు. ఒక కెమెరాతో, ఒక గుడ్డకుందేలుతో మొదలైన విద్య ఎంత దూరము పోగలదో దీనినిబట్టి గ్రహింపవచ్చును.

మనకు దీనితో ఏమి ప్రయోజనము?

ఎక్కడి అమెరికా, ఎక్కడి కుందేలు, మన కళాశాలకు దీనితో ఏమి సంబంధమని కొందరు అడుగవచ్చును. ఉర్దూ, తెలుగు ఒకే ప్రాంగణములో వినిపించు చోట ఈ ప్రశ్నకు సమాధానము దూరమున లేదు. ఒక భాషవారు మరియొక భాషవారి ఉచ్చారణను అనుకరించి నవ్వుట మనమెరుగనిది కాదు. ‘నీవు మీవారివలె ఉండవు’ అని స్నేహితుని మెచ్చుకొనుటయు మనమెరుగనిది కాదు. అనువాడు దానిని ప్రశంసయే అనుకొనును. విన్నవాడు చిరునవ్వు నవ్వి ఇంటికి పోయి, ఆ రాత్రి దానినే తలచుకొనును. గ్రెగ్‌కు దొరకిన ‘మంచి బొమ్మ’ బిరుదు ఇదియే.

పరిహాసము నిషేధింపవలెనని మేము చెప్పుట లేదు. పరిహాసము లేని స్నేహము ఉప్పు లేని కూడు. ఒకరినొకరు ఆటపట్టించుకొను హక్కు చనువుయొక్క చిహ్నము. అయితే ప్రతి నవ్వునకు ఒక దిశ ఉండును. ఆ దిశను తెలిసికొనుటకు ఒక సులువైన పరీక్ష కలదు. హాస్యోక్తి ముగిసిన తరువాత ఎవరు చిన్నబోయినారో చూడవలెను. ద్వేషించినవాడు చిన్నబోయినచో ఆ హాస్యము ఔషధము. ద్వేషింపబడినవాడు చిన్నబోయినచో, ఎంత చమత్కారముగా ఉన్నను అది గాయమే. జంక్షన్ జాక్‌ను చూచి నవ్విన నవ్వు మొదటి తరగతికి, టార్డీని చూచి నవ్విన నవ్వు రెండవ తరగతికి చెందును. ఒకే రచనలో రెండును ఉండుటవలన ఈ సంపుటి అధ్యయనమునకు మరింత అనువైనది.

కళాశాల గ్రంథాలయములలో గ్రంథములతోపాటు ఇట్టి దృశ్య సంపుటములకు కూడ కొంత చోటు కల్పించుట వాంఛనీయమని పాలకవర్గమువారికి మనవి చేయుచున్నాము. ఒక్కొక్క భాగము ఇరువది నిమిషములకు కొంచెము మించును. పదమూడింటిని చూచుటకు ఐదు గంటలు చాలును. వయసు వచ్చిన విద్యార్థులు ఒక అధ్యాపకుని సమక్షమున రెండు భాగములు చూచి, పిదప ఒక గంట చర్చించినచో, ఆంగ్లభాషా పరిచయము, సామాజిక పరిశీలన రెండును చేకూరును.

మన జుట్టుపోలిగాడు తెరమీద ఊరి పెద్దను వెక్కిరించునప్పుడు, ఆ ఊరి పెద్దయే ముందుకు వచ్చి ఆటగాండ్రకు బహుమానమిచ్చుట ఒకప్పటి మర్యాద. తనను చూచి నవ్వనిచ్చువాడు పెద్దవాడు. తనకంటె తక్కువవానిని చూచి నవ్వువాడు ఎన్నడును పెద్దవాడు కానేరడు. గుడ్డతో కుట్టిన ఒక కుందేలు పదమూడు భాగములలో, తప్పటడుగులు వేయుచునే, ఈ పాఠమును చెప్పజూచినది. దానికి దక్కిన ఆయువు కొన్ని మాసములే అయినను, డిస్కులలో నిలిచిన ఆ మాట నేటికిని వినదగియున్నది.